నడవమన్నాను సరే, ఎక్కడ నడవాలి?

వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్లూ నేను అందరికంటే ఎక్కువమందికి చెప్పిన మందు ఒకటుంది. దానికి చీటీ అక్కరలేదు, ఖర్చు లేదు. ‘రోజూ నడవండి’ అన్నదే ఆ మందు. మధుమేహానికీ, రక్తపోటుకీ, నిద్రలేమికీ అదే చెప్పేవాణ్ణి. చెప్పి, తరువాతి రోగిని పిలిచేవాణ్ణి.

ఒకనాడు పోతిరెడ్డిపల్లి నుంచి వచ్చిన ఒకాయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పటాన్‌చెరు వైపు ఒక కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేసే మనిషి. వయసు నలభై అయిదు, చక్కెర అదుపులో లేదు. “నడువుమన్నరు, మంచిగనే ఉంది సార్. ఏడ నడువాలె? ఇంట్లకెల్లి బయటికొస్తే అన్నీ లారీలేనాయె” అన్నాడు. నేను నవ్వి, “ఎక్కడో ఒకచోట నడవవయ్యా” అన్నాను.

రెండేళ్ల తరువాత ఆయన కాలివేలికి మానని పుండుతో వచ్చాడు. ఆ వేలు తీసివేయవలసి వచ్చింది. నా మాట వల్లనే వేలు పోయిందని అనను. మధుమేహంలో పాదం చెడడానికి నరాలు మొద్దుబారడం, రక్తప్రసరణ తగ్గడం, చెప్పుల రాపిడి వంటివి ఎన్నో కలిసివస్తాయి. కానీ ఒక రోగి న్యాయమైన ప్రశ్న అడిగితే నేను నవ్వి పంపించాను. విశ్రాంత జీవితంలో నన్ను వదలని విషయం అదే.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను ముందుగా పోతిరెడ్డిపల్లి కూడలిలోనే నిలబడి చూశాను. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారిని వదలి సంగారెడ్డి పట్టణంలోకి తిరిగే చోటు అది. లారీలు, కంపెనీ బస్సులు, దుమ్ము, పొగ. నడకకు అది తగిన చోటు కాదని తెలుసుకోవడానికి వైద్యుడే కానక్కరలేదు. అయితే అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే మంజీర నది ఉంది. ఇన్నేళ్లూ ఆ నీళ్లు తాగాను గాని, ఆ ఒడ్డున నడవాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఒక శీతకాలపు ఆదివారం ఉదయం మా ఇంటావిడ, కొడుకు, కోడలు, ఇద్దరు మనవలతో కల్పగూరు వెళ్లాను. అక్కడ కాకతీయుల నాటి శిల్పరీతిలో కట్టిన పాత రాతి గుడి ఉంది. కాశీ విశ్వేశ్వరుడు, అనంతపద్మనాభుడు కొలువైన చోటు. స్తంభాలను చూసి, పల్లె దారిన జలాశయం వైపు నడక మొదలుపెట్టాం. నేలంతా చదును. ఎక్కుడు దిగుడు లేవు కనుక మోకాళ్లకు పెద్ద పరీక్ష లేదు, పిల్లల చేయి వదలినా కంటికి కనిపిస్తూనే ఉంటారు.

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలోని బీదరు ప్రాంతం మీదుగా మన జిల్లాలోకి వచ్చి, చివరికి నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కల్పగూరు దగ్గరి ఆనకట్ట వెనుక నిలిచిన నీరు జంటనగరాలకు తాగునీరు. మొసళ్ల సంరక్షణ కోసం ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలంలో వలస బాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు కనిపిస్తాయి.

ఆరోజు జరిగింది చెబుతాను. ఇంటి దగ్గర పది నిమిషాలు నడిస్తే మోకాళ్లు పట్టేస్తున్నాయనే మా ఇంటావిడ, మధ్యలో రెండుసార్లు కూర్చుని, నలభై నిమిషాలు నడిచింది. కారణం మందు కాదు. చిన్న మనవడు కొంగలను లెక్కపెడుతూ, “నానమ్మా, ఇంకొక్కటి” అంటూ చేయి పట్టి లాక్కుపోయాడు. చూడడానికి ఏదో ఉండి, పక్కన ఒక మనిషి ఉంటే కాలు తనంతట తానే కదులుతుంది. ముప్పయ్యేళ్లలో నా చీటీలో లేనివి ఆ రెండే.

ఇక నడక ఎంత అన్న ప్రశ్న. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వేగపు శ్రమ, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యస్థ వేగం తెలుసుకోవడం సులువు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పదివేల అడుగులు పూర్తికాలేదని బెంగ వద్దు. ఆ అంకె 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో వ్యాప్తిలోకి వచ్చింది గాని, వైద్యశాస్త్రం గీసిన గీత కాదు. శ్రమ విలువను చెప్పిన పాత పరిశోధన ఒకటుంది. లండను రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ బృందం 1953లో ప్రచురించింది. కూర్చుని పనిచేసే వారందరూ ఆ డ్రైవర్ల వరుసలోనివారే.

కుటుంబంతో మంజీర ఒడ్డుకు వెళ్లేవారికి కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. అవి నిజంగా మొసళ్లున్న నీళ్లు. పిల్లలను నీటి అంచుకు వెళ్లనీయకండి, కాళ్లు కడుక్కోవడానికైనా దిగకండి. అభయారణ్యం పరిధిలో అటవీశాఖ వారు అనుమతించిన దారిలోనే నడవండి. ఎండ ముదరకముందే తిరిగి రండి. ఇన్సులిన్ లేదా చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో బయలుదేరకూడదు. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో, కొంచెం చక్కెరో ఉంచుకోండి. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం అనిపిస్తే నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మధుమేహం ఉన్నవారికి ఇంకొక్క మాట. గుడిలో చెప్పులు విడుస్తాం. పాదాల స్పర్శ తగ్గినవారికి కాలిన రాతి బండ వేడి తెలియదు. ఇంటికి వెళ్లి బొబ్బలు చూసుకుని వచ్చినవారిని నేనెరుగుదును. పొద్దున్నే వెళ్లండి, శుభ్రమైన మేజోళ్లు వేసుకోండి, ఇంటికి రాగానే అరికాళ్లను అద్దంలో చూసుకోండి.

అలాగని ఇక్కడి ప్రతి వాగు ఒడ్డూ నడకకు మంచిది కాదు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడల వ్యర్థాలు నక్కవాగులో కలిసిన కథ ఈ ప్రాంతం వారికి కొత్త కాదు. నీటి రంగు, వాసన తేడాగా ఉన్నచోట పిల్లలతో ఆగవద్దు. మరొక ఆదివారానికి కొండాపురం ఉంది. అక్కడి మట్టిదిబ్బలో 1940లలో జరిపిన తవ్వకాల్లో శాతవాహనుల కాలపు నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు దొరికాయి. వాటిని మ్యూజియంలో చూడవచ్చు, శుక్రవారం తప్ప.

‘వారానికి ఒకరోజు నది సరే, మిగతా ఆరు రోజులు?’ అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆదివారపు నడక రుచి చూపిస్తుంది, మోతాదు మాత్రం రోజువారీ నడకదే. భోజనం తరువాత పది నిమిషాల చొప్పున, రహదారి వైపు కాక కాలనీ లోపలి వీధుల్లో మూడుసార్లు నడిచినా రోజుకు అరగంట. భోజనం చేశాక నడిస్తే రక్తంలో చక్కెర అంతగా పైకి లేవదు కూడా.

ఆ రోగికి ఇటీవల నేనే కబురు పెట్టాను. తన పాదానికి తగినట్లు చేయించిన చెప్పులతో, కూతురిని తోడు తీసుకుని వచ్చాడు. పన్నెండేళ్లు ఆలస్యంగా ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాను: ఎక్కడ, ఎవరితో, ఎంతసేపు అని కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అప్పుడే చెప్తే అయిపోవు గద సార్” అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేదు.

మీ వైద్యుడు నడవమంటే ఆ మూడూ అడగండి. ఆయన నాలాగా నవ్వి ఊరుకుంటే, కుర్చీలోంచి లేవకండి.