రాత్రి డ్యూటీలో ఎవరు?

మా పెద్దమ్మకి వృద్ధాశ్రమం చూసే పని డాలస్‌లో ఉన్న ఆవిడ కొడుకు, మా అన్నయ్య, నాకప్పజెప్పాడు. కొన్ని పేర్లు, వాటి పక్కన గూగుల్‌లో వచ్చిన స్టార్లు, బోలెడు ఫొటోలు పంపాడు. ఫొటోల్లో గుడి ఉంది, లాన్ ఉంది, ఉయ్యాల బల్ల ఉంది. నేనొక్కణ్ణీ వెళ్తే ఆ లాన్ చూసి మురిసిపోయి వచ్చేస్తానని మా పిన్ని తనూ బయల్దేరింది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరైంది. పెద్దమ్మకి సొంత చెల్లెలు.

వస్తున్నామని ముందు ఫోన్ చెయ్యకూడదంది, పొద్దున్నపూట వెళ్లకూడదంది. "పదింటికి ఏ హోమైనా కడిగిన ముత్యంలా ఉంటుందిరా. భోజనాల వేళకి వెళ్లి చీకటి పడ్డాక వద్దాం." అలాగే ఆ పేర్లలో ఒకదానికి వెళ్లాం. విజయవాడ శివార్లలో, ఏలూరు రోడ్డు మీంచి లోపలికి మళ్లాక వస్తుంది. 42 మంది ఉంటున్నారు. వాళ్లలో 11 మంది మంచం దిగలేరు. పేరు రాయను. అక్కడ చూసినవి ఇంకా చాలాచోట్ల ఉన్నవే.

ఆఫీసు గది గోడ మీద సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, 80జి పత్రం, ఎవరో నాయకుడికి శాలువా కప్పుతున్న ఫొటో ఫ్రేములు కట్టి ఉన్నాయి. 80జి అంటే విరాళం ఇచ్చినవాళ్లకి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు. సొసైటీ పత్రం సంస్థ ఉందని మాత్రం చెబుతుంది. లోపలి ముసలివాళ్లని ఎలా చూస్తున్నారన్నది ఆ రెంటికీ అక్కర్లేని విషయం. ఇంగ్లండులో కేర్ క్వాలిటీ కమిషన్ హోముల్ని తనిఖీ చేసి నాలుగు మెట్లలో గ్రేడు ఇస్తుంది. ఎంత అధ్వానమైన గ్రేడైనా హోములో అందరికీ కనబడేట్టు పెట్టి తీరాలని 2015 నుంచి అక్కడ నిబంధన. మన దగ్గర తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకొకటైనా, కనీసం 150 మంది పేద వృద్ధులు పట్టేలా ఆశ్రమాలు పెట్టవచ్చని రాష్ట్రాలకి చెప్పింది. హోములన్నీ రిజిస్టరు కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019లో లోక్‌సభకి సవరణ బిల్లు వచ్చింది గానీ చట్టం కాలేదు. కాబట్టి మా మటుకు మాకు ఇన్‌స్పెక్టరు పిన్నే.

పన్నెండున్నరకే అందరూ భోజనాల హాల్లో వరసల్లో కూర్చున్నారు. కంచాలు పెట్టారు, వడ్డన మొదలవలేదు. ఆ రోజు అన్నదానం చేస్తున్న కుటుంబం ఇంకా దార్లో ఉందట. గుమ్మం పక్క బోర్డు మీద దాత పేరు, కింద సందర్భం: మనవడి మొదటి పుట్టినరోజు. ఒంటిగంట దాటాక కేకుతో దిగారు. పెద్దవాళ్లందరూ చప్పట్లు కొడుతూ ఇంగ్లిషులో పుట్టినరోజు పాట పాడారు. బాగా అలవాటైన పాట, ఎవరూ తడబడలేదు. ఫొటోలు మొదలయ్యాయి.

పిన్ని కళ్లు పిల్లాడి మీదా లేవు, కేకు మీదా లేవు. మూడో వరసలో ఒక పెద్దాయనకి చెమటలు పడుతున్నాయి. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంది. "బాబాయిగారూ, షుగరు మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?"

"పన్నెండింటికమ్మా. అన్నానికి ముందు వేసుకోమన్నారుగా" అన్నాడాయన. మాత్ర వేళకి పడింది, అన్నం పడలేదు. చేతులు వణుకుతున్నాయి. పిన్ని ఫొటోల మధ్యలోంచే చెయ్యి చాపి ఒక కేకు ముక్క తీసుకొచ్చి ఆయన నోట్లో పెట్టింది. దాతలు బిత్తరపోయి చూశారు. ఆయన తేరుకున్నాక మేనేజరుని పక్కకి పిలిచింది. "ముందు అన్నం పెట్టించండి బాబూ, పాట తర్వాత పాడించండి."

"దాతలు నొచ్చుకుంటారు మేడమ్. ఆ పాట కోసమేగా పిల్లల్ని తీసుకొచ్చేది" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. నెలలో సగానికి పైగా మధ్యాహ్నం భోజనాలు అలా వచ్చినవే. అయినా, వండిన అన్నం వంటింట్లో ఉండగా మనుషుల్ని ఆకలితో కూర్చోబెట్టే దానం ఏం దానమో నాకు బోధపడలేదు.

తర్వాత బాత్రూములు. పిన్ని ఎక్కువసేపు గడిపింది అక్కడే. గోడకున్న స్టీలు కడ్డీని బలంగా లాగితే ఊగింది. నీళ్లు బయటికి రాకుండా గుమ్మంలో గట్టు కట్టారు, వాకరు దానికి తగిలి ఆగిపోతుంది. లోపల గడియ పెడితే బయటినుంచి తీసే వీల్లేదు. గరుకు టైల్స్ వేశారు, రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టారు, అవి బాగున్నాయంది.

బరువుల రిజిస్టరు ఇంకా నచ్చింది. ఒకావిడ మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గితే పగటి నర్సు ఆరా తీసి, కట్టుడు పళ్లు వదులై నమల్లేకపోతోందని కనిపెట్టింది. అలాంటి మనిషి ఒకరుండడం గుడి కన్నా, లాన్ కన్నా ఎక్కువ.

మంచం మీద ఉన్నవాళ్ల గదిలో పిన్ని ఒక్కొక్కరినీ అడిగి దుప్పటి తొలగించి మడమలు, నడుము కింద భాగం చూసింది. ఒకావిడకి మడమ ఎర్రబడింది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు. పుండుకి అదే మొదలట. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పిన టైము రాసే కాగితం మంచానికి వేలాడుతోంది. మేం చూసేసరికి సాయంత్రం నాలుగు. కాగితం మీద మర్నాడు పొద్దున్న ఆరింటిదాకా టిక్కులున్నాయి.

"రాత్రి రాసే తీరికుండదమ్మా, అందుకని ముందే పెట్టేస్తాం" అంది ఆయా. దాపరికమేమీ లేదు.

"రాత్రి డ్యూటీలో ఎవరెవరు?"

"నేనొక్కదాన్నే."

పిన్ని అక్కడే లెక్క కట్టింది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఆరుదాకా మనిషికి అయిదుసార్లు, 11 మందికి 55 సార్లు. బరువైనవాళ్లని తిప్పాలంటే ఇద్దరు పట్టాలి. పైన డైపర్లు, పిలుపులు. ఆ ఆయాని తిట్టడానికేముంది?

రాత్రి భోజనం ఆరింటికే పెట్టేశారు. వంటవాళ్లు ఏడింటి బస్సుకి వెళ్లాలట. మళ్లీ టిఫిను ఎనిమిదిన్నరకి, అంటే పద్నాలుగున్నర గంటలు. అమెరికా నర్సింగ్ హోముల ఫెడరల్ నిబంధనల్లో ఈ విరామం మామూలుగా 14 గంటలు దాటకూడదని ఉంది. ఇక్కడ నీళ్లు కూడా తాగరు. "రాత్రి ఆయాని లేపితే విసుక్కుంటుంది. సాయంత్రం నుంచీ గ్లాసు ముట్టను" అంది ఒక మామ్మగారు.

ఆ మామ్మగారే ప్రతి ఒకటో తారీఖుకీ పింఛను కోసం సొంతూరు వెళ్లొస్తుంది. ఇక్కడికి మార్పించుకోవచ్చు కదా అన్నాను. "ఆడవాళ్లకి బస్సు ఫ్రీయేగా నాయనా. ఆ 4,000 నేనే తెచ్చుకుని నా చీర కొంగున కట్టుకున్నంతకాలం ఇక్కడ నన్ను గారూ అంటారు" అంది.

ఫిర్యాదు చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పాలో అక్కడ ఎక్కడా రాసి లేదు. టాటా ట్రస్టులు హైదరాబాదులో మొదలుపెట్టగా తర్వాత దేశమంతటికీ వచ్చిన ఎల్డర్‌లైన్ నంబరు 14567. పిన్ని మేనేజరుని అడక్కుండానే, నర్సు బల్ల పక్క గోడ మీద పెన్నుతో పెద్ద అంకెల్లో రాసేసింది. అతను చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకున్నందుకు అతనికి నేను కొన్ని మార్కులు వేశాను.

బయల్దేరే ముందు అతనితో మాట్లాడాం. కడ్డీలు, గడియలు వారంలో మారుస్తానన్నాడు. మాత్రలు వడ్డించాకే ఇస్తామన్నాడు. రెండో ఆయా సంగతి తేలలేదు. పన్నెండు గంటల రాత్రి పనికి ఎవరూ నిలవడం లేదట, జీతం పెంచితే నెల ఫీజు పెంచాలట. రాత్రి ఫోన్లో అన్నయ్య ఎంతైనా ఇస్తానన్నాడు, అమ్మకి విడిగా ఒక మనిషిని పెట్టించమన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. విడిగా పెట్టినా పక్క మంచం ఆవిడ పిలిస్తే ఆ మనిషి పరిగెత్తాల్సిందే, హోముకే ఇద్దరుండాలంది.

ఇదంతా తెనాలిలో పెద్దమ్మ మంచం దగ్గర కూర్చుని స్పీకరు పెట్టి మాట్లాడుతున్నాం. అంతా విని ఆవిడ, రెండో ఆయా వచ్చాక ఒక నెలకి మాత్రం వెళ్తానంది. ఈలోగా ఇల్లు అద్దెకివ్వడానికి వీల్లేదని, తాళంచెవి తన దగ్గరే ఉంటుందని అన్నయ్యతో ఖరాఖండిగా చెప్పింది.