పుట్టగొడుగు మేఘమే ఫ్యాషన్!

లాస్‌వెగాస్ అనగానే క్యాసినోలూ, కళ్లు జిగేల్‌మనిపించే దీపాలే గుర్తొస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలు కూడా గ్రాండ్‌ కాన్యన్ చూసే దారిలో అక్కడో రాత్రి ఆగుతుంటారు. అదే ఊళ్లో ఫ్లెమింగో రోడ్డు మీద ఓ వింత మ్యూజియం ఉంది. 2005లో తెరిచిన ఈ మ్యూజియం అణుబాంబు పరీక్షలకు సంబంధించింది! లోపల చిన్న థియేటర్లో కూర్చుంటే తెరమీద బాంబు పేలుతుంది. కూర్చున్న బెంచీ అదిరిపోతుంది, గాలి రివ్వున మొహానికి కొడుతుంది. బయటికొచ్చాక అక్కడి దుకాణంలో అణు బొమ్మల టీషర్టులు కొనుక్కోవచ్చు.

బాంబుకీ టీషర్టుకీ పొత్తేంటి అంటారా? ఆ ఊరికిది కొత్తేం కాదు. వెగాస్‌కు సుమారు 105 కిలోమీటర్ల దూరంలోని నెవడా ఎడారిలో 1951 నుంచి 1992 వరకూ 928 అణుపరీక్షలు జరిగాయి. వాటిలో నూరు నేలమీదో, ఆకాశంలోనో పేల్చినవే. ఆ వెలుగు ఊళ్లోకి కనిపించేది. భయపడాల్సింది పోయి దాన్నే వ్యాపారం చేసుకున్నారు ఊరి పెద్దలు. పేలుళ్ల వేళలు ముందే ప్రచారం చేసి పర్యటకుల్ని రప్పించేవారు. రాత్రంతా విందులు, తెల్లవారుజామున మేడలెక్కి బాంబు దర్శనం! ఫ్రీమాంట్ వీధిలోని ఓ బారు అప్పుడే ‘అటామిక్ లిక్కర్స్’ అని పేరు పెట్టుకుంది. ఆ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. తీగల చట్రం మీద జుట్టు చుట్టి పుట్టగొడుగు మేఘంలా కొప్పు కట్టించుకున్న అమ్మాయిలూ ఉన్నారు. ఇక 1957లో ఓ నర్తకి ఈతదుస్తుల మీద దూదితో మేఘం ఆకారాన్ని అంటించి తీసిన ‘మిస్ అటామిక్ బాంబ్’ ఫొటో అయితే జగత్ప్రసిద్ధం.

పిల్లల్నీ వదల్లేదు. 1947లో కిక్స్ అనే ఫలహారం డబ్బామూతకి 15 సెంట్లు కలిపి పంపితే ‘అణుబాంబు ఉంగరం’ ఇంటికొచ్చేది. అందులో నిజంగానే రవ్వంత పొలోనియం! దాన్నుంచి వెలువడే కణాలు జింక్ సల్ఫైడ్ పూతను తాకితే చీకట్లో చిట్టి మెరుపులు కనిపించేవి. 138 రోజులకోసారి పొలోనియం సగానికి తగ్గిపోతుంది కాబట్టి ఇప్పుడా ఉంగరాల్లో ఏ మెరుపూ లేదు. 1950లో వచ్చిన గిల్బర్ట్ బొమ్మల పెట్టెలోనైతే యురేనియం ఖనిజం ముక్కలు నాలుగుండేవి. ధర 49.50 డాలర్లు. ఆ రోజుల్లో ఓ బొమ్మకి అంత డబ్బా అనుకున్నారేమో, ఐదువేలు కూడా అమ్ముడుపోలేదు.

ఇంత సరదా వెగాస్‌కు ఎలా సాధ్యమైందంటే... గాలి ఆ ఊరివైపు వీచేటప్పుడు బాంబు పేల్చేవారు కాదు. మరి ఎటు వీచేటప్పుడు పేల్చేవారు? తూర్పుకి, యూటా రాష్ట్రం వైపు. వెగాస్ నుంచి కారులో రెండుగంటలు వెళితే సెయింట్ జార్జ్ వస్తుంది. 1953 మే 19న ‘హ్యారీ’ అనే పరీక్ష దుమ్ము వచ్చి ఆ ఊరిమీద పడింది. జనాన్ని ఇళ్లల్లోంచి బయటికి రావద్దన్నారు. ఆ వసంతంలోనే చుట్టుపక్కల వేల గొర్రెలు చనిపోయాయి. మేత చాలకే చనిపోయాయంది ప్రభుత్వం. తర్వాతి ఏళ్లలో క్యాన్సర్లు వచ్చిన కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. 1990లో గానీ క్షమాపణతో పాటు బాధితుడికి 50 వేల డాలర్లిచ్చే చట్టం రాలేదు. దాని గడువు 2024లో ముగిసిపోతే, 2025లో మళ్లీ తెచ్చి మొత్తాన్ని లక్ష డాలర్లకు పెంచారు. అయితే ఆ రోజుల్లో అక్కడే ఉన్నామనీ, చట్టంలో చెప్పిన జబ్బే వచ్చిందనీ కాగితాలు మాత్రం చూపించాలి.