నేల కింద విశ్వవిద్యాలయం!

రైలు దిగి, మెట్లెక్కి పైకొస్తే చాలు... చుట్టూ కాలేజీలే! దిల్లీ మెట్రోలో ఆ స్టేషన్ పేరే ‘విశ్వవిద్యాలయ’. తెలుగువాళ్లకు దాని అర్థం విడమరచి చెప్పాల్సిన పనే లేదు. ఎక్కడో దూరాన ఉన్న ఇంటికీ మంచి కాలేజీకీ మధ్య దారి వేసిన ఈ స్టేషన్‌కి చెప్పుకోదగ్గ కథే ఉంది.

దిల్లీలో మెట్రో పరుగు 2002 డిసెంబరులో మొదలైంది. అయితే ఆ రైలు నేల కిందికి దిగింది 2004 డిసెంబరులో. విశ్వవిద్యాలయ, విధాన సభ, సివిల్ లైన్స్, కశ్మీరీ గేట్... నాలుగు స్టేషన్లు, సుమారు నాలుగు కిలోమీటర్లు. దిల్లీ మెట్రోలో తొలి భూగర్భ మార్గం అదే. దాన్ని ప్రారంభించిన నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఒకప్పుడు ఈ స్టేషన్‌కి దగ్గర్లోని దిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పిన ప్రొఫెసరే! ఇక, ఆ పనులన్నీ దగ్గరుండి నడిపించిన ‘మెట్రో మ్యాన్’ శ్రీధరన్ ఇంజినీరింగ్ చదివింది మన కాకినాడలో.

కాలేజీల ఊరు

దిల్లీ విశ్వవిద్యాలయం 1922లో మూడే కాలేజీలతో మొదలైంది... సెయింట్ స్టీఫెన్స్, హిందూ, రామ్‌జస్. ఇప్పుడా మూడూ నార్త్ క్యాంపస్‌లోనే ఉన్నాయి. మిరాండా హౌస్, హన్స్‌రాజ్, కిరోరీమల్, దౌలత్‌రామ్, శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్ కూడా ఇక్కడే. స్టేషన్ బయట రిక్షాలు, ఈ-రిక్షాలు వరసకట్టి ఉంటాయి. నలుగురైదుగురు కలిసి ఎక్కి ఛార్జీ పంచుకోవడం విద్యార్థులకు మామూలే. 2023 జూన్ 30న విశ్వవిద్యాలయ శతాబ్ది ముగింపు వేడుకలకు ప్రధాని మోదీ వచ్చింది కూడా మెట్రోలోనే.

దారి బాగుంటేనే చదువు

ఆడపిల్లని దూరపు కాలేజీకి పంపాలంటే తల్లిదండ్రులు ముందు అడిగేది ర్యాంకు కాదు, ‘రోజూ ఎలా వెళ్లొస్తావు?’ అనే. ఈ భయం చదువును ఎంతగా మార్చేస్తుందో ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ ఈ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీదే అధ్యయనం చేసి చూపించారు. సీటు వచ్చే అవకాశమున్నా మేటి కాలేజీని వదులుకుని, వెళ్లే దారి క్షేమంగా ఉంటుందని అంతకన్నా తక్కువస్థాయి కాలేజీలో చేరుతున్న అమ్మాయిలు ఎందరో! అబ్బాయిలు ఆ లెక్క అంతగా వేసుకోవడం లేదట.

ఒక మెట్రో స్టేషన్ విలువ అక్కడే తెలుస్తుంది. 2010 అక్టోబరు నుంచి రైల్లో మొదటి పెట్టె మహిళలకే కేటాయించారు. ఎల్లో లైన్ హరియాణాలోని గురుగ్రామ్ దాకా వెళ్తుంది కాబట్టి అటువైపు ఇళ్లున్న అమ్మాయిలూ నార్త్ క్యాంపస్ కాలేజీల వైపు చూడగలుగుతున్నారు.

అలాగని చిక్కులన్నీ తీరిపోలేదు. స్టేషన్ నుంచి కాలేజీ గేటు దాకా, ఇంటి దగ్గరి స్టేషన్ నుంచి గుమ్మం దాకా ఉన్న దారి సంగతి మెట్రో చేతిలో లేదు. ఛార్జీల భారం మరోటి. 2017లో రెండుసార్లు పెంచడంతో 30 రూపాయలున్న గరిష్ఠ టికెట్టు 60 అయింది. 2025 ఆగస్టులో 64కు చేరింది. రానూపోనూ లెక్కేస్తే మధ్యతరగతి ఇంటికి నెల తిరిగేసరికి చిన్న మొత్తమేం కాదు. రాయితీ పాసుల కోసం విద్యార్థులు ఎన్నోసార్లు గొంతెత్తిందీ అందుకే.

అటు చివర మన దుర్గాబాయి

విశ్వవిద్యాలయానికి సౌత్ క్యాంపస్ కూడా ఉంది. ఎల్లో లైన్‌లో దిల్లీ హాట్ - ఐఎన్ఏ వరకూ వెళ్లి పింక్ లైన్ రైలు మారితే అక్కడికి చేరుకోవచ్చు. 2018లో మొదలైన ఆ స్టేషన్ నేల కింద కాదు, వంతెన మీద ఉంటుంది. పేరు ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’. రాజమండ్రిలో పుట్టి, రాజ్యాంగ సభలో కూర్చుని, 1958లో ఆడపిల్లల చదువుపై జాతీయ కమిటీకి నాయకత్వం వహించిన దుర్గాబాయే ఆమె. భర్త చింతామన్ దేశ్‌ముఖ్ ఇదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. తితిదే 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల కూడా ఆ సౌత్ క్యాంపస్‌లోనే ఉంది.

ఏటా తెలుగు రాష్ట్రాల నుంచి దిల్లీలో చదువుకి వెళ్లే పిల్లలుంటారు. బోర్డు చూసి ‘ఎవరీ దుర్గాబాయి?’ అని తోటి విద్యార్థులు అడిగితే... చెప్పాల్సింది మనవాళ్లేగా!