మా యింటి గ్రామఫోను

కోనసీమయందు రాజోలునకు జేరువనున్న మా పల్లెలో, మా తాతగారి కాలపు గ్రామఫోను పెట్టె యొకటి గలదు. 1877లో ఎడిసను కనిపెట్టిన ఫోనోగ్రాఫు, గుండ్రని స్తంభమువంటి గొట్టముపై ధ్వనిని నిలుపునది. 1887లో బెర్లినరు దానికి మాఱుగా చదునైన పళ్లెము నేర్పఱచెను. మా పెట్టె యీ రెండవ తెగకు జేరినది. దీనికి విద్యుచ్ఛక్తితో బనిలేదు. పిడి త్రిప్పి లోపలి స్ప్రింగును బిగించినచో, లక్కతో జేసిన రికార్డు నిమిషమునకు 78 మారులు తిరుగవలెను.

తాతగారు గతించిన పిదప మా మామ్మ యా పెట్టెను కన్నబిడ్డవలె గాపాడుచు వచ్చెను. గడచిన డిసెంబరు సెలవులలో నొకనాటి యుదయమున ఘంటసాలవారి పుష్పవిలాపము రికార్డు వేయగా, గొంతు సాగి సాగి మూలుగువలె వినవచ్చెను. మామ్మ కన్నుల నీరు నిండెను. నేను పిడిని మఱింత బిగింపబోతిని. “వలదు నాయనా, విఱుగును” అని యామె వారించెను.

విచిత్రమేమనగా, నాటి మధ్యాహ్నము అదే రికార్డు చక్కగా బాడెను. రికార్డు క్రింద కాగితపు ముక్క నొకటి యుంచి, గడియారము చూచుచు చుట్లు లెక్కించితిని: ఉదయమున 61, మధ్యాహ్నమున 76. స్ప్రింగు సడలినదేని మధ్యాహ్నమున మాత్ర మేల బాగుండును?

మఱునాటి యుదయమున తలకు రాచుకొనుటకై కొబ్బరినూనె సీసా తీయగా, నూనె తెల్లగా వెన్నవలె బేరుకొని యుండెను. వెంటనే పెట్టెను విప్పితిని. వేగమును నియమించు గవర్నరునందు మూడు చిన్న గుండ్లు గలవు. వేగము హెచ్చినకొలది నవి వెలుపలికి జరిగి, యొక బిళ్లను తోలుముక్కకు దాకించి, వేగము నదుపులో నుంచును. అచ్చటను, పండ్లచక్రముల సందులను, ధూళితో గూడిన తెల్లని ముద్ద!

“ఇందేమి నూనె వేయుచుంటివి మామ్మా?”

“మన చెట్ల కొబ్బరినూనెయే నాయనా. తాతగారు పోయిననాటినుండి నెలకొక చుక్క తప్పలేదు.”

నాకు నోట మాట రాలేదు. ఇన్నేండ్ల శ్రద్ధయే దోషమని యెట్లు చెప్పుదును? దాచుటయు న్యాయము గాదు. తుదకు, “నూనె లేకున్న నీ పండ్లెప్పుడో యరిగిపోయి యుండెడివి మామ్మా. అయినను కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువను గడ్డకట్టును; చలి యుదయములం దదియే చక్రములను బట్టుకొనుచున్నది” అంటిని. ఆమె క్షణకాలమాలోచించి, “తలకు మేలైనది యంత్రమునకు గాదన్నమాట” అని నవ్వి, తన పాతచీర చింపి యిచ్చెను.

కిరసనాయిలుతో ఆ ముద్దను దుడిచి, కుట్టుమిషను నూనె వేసితిని. స్ప్రింగు డబ్బాను మాత్రము ముట్టలేదు. అది విడివడి యెగిరినచో చేయి తెగును. ధ్వనిపెట్టెలోని యభ్రకపు రేకును బట్టియుంచు రబ్బరు వలయములు ఱాయివలె గట్టిపడి యుండగా, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలను వాని స్థానమున నమర్చితిని. పిదప వేగపు మర సవరించి లెక్కింపగా సరిగా 78!

సోదర విద్యార్థులారా! పనిచేయని వస్తువును బలిమితో బిగించుటకు ముందు, అది యెప్పుడు చెడునో, యెప్పుడు బాగుండునో కనిపెట్టుడు. కారణము దానంతట నదే బయటపడును.

ఇప్పుడు మా గూటిలో కొబ్బరినూనె ప్రక్కనే కుట్టుమిషను నూనె సీసా యున్నది. నెలకొక చుక్క నిప్పటికిని మామ్మయే వేయుచున్నది.