నాయనకు వినపడని కీచు

ఈసారి గోడపత్రికకు 'మా ఇంటి మాట' అనే అంశం ఇచ్చినప్పుడు, అమ్మ కన్నడం, నాయన తెలుగు గురించి రాద్దామనుకున్నాను. మా ఇంట్లో అన్నం తెలుగులో అడుగుతాం, సారు కన్నడంలో అడుగుతాం. కొట్లాట మాత్రం రెండింట్లోనూ జరుగుతుంది. కానీ రాయడానికి కూర్చుంటే మా లారీ కీచే గుర్తుకొచ్చింది. అదీ మా ఇంటి మాటే.

మాది పదిచక్రాల టిప్పరు. సండూరు గనుల నుంచి తోరణగల్లుకు ఇనుప ఖనిజం తోలుతుంది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి గనులు ఆపమన్నప్పుడు నాకు ఐదేండ్లు. అప్పటి లారీ ఇంటి ముందరే నిలబడిపోయింది. చివరికి వచ్చిన ధరకు అమ్మేశారు. ఇప్పుడున్నది దాని తర్వాత అప్పుచేసి కొన్నది, కంతులు ఇంకా ఉన్నాయి. అందుకే లారీలో ఏ చిన్న శబ్దం వచ్చినా అందరి ప్రాణం అక్కడికే పోతుంది.

శివరాత్రి దాటినాక ఒకరోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు బండి స్టార్ట్ చేయగానే ముందు నుంచి 'కీ...' అని సన్నగా, సూదితో గుచ్చినట్టు ఒక శబ్దం. నేను లేచి కూర్చున్నాను. అమ్మ వాకిట్లోకి పోయి, "రీ, బెల్టు కిరుచ్తైతె నోడ్రి" అంది. నాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం లేదే, మామూలుగానే ఉండాదే" అని వెళ్లిపోయాడు. మర్నాడూ అదే. మూడోనాడు పక్కింటి అవ్వ వచ్చి, పసిబిడ్డ నిద్ర లేస్తాందని చెప్పింది.

షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ కొత్త బెల్టు వేశాడు. వేస్తూ వేస్తూ ఏదో స్ప్రే కూడా కొట్టాడు. రెండు రోజులు బండి నోరు మూసుకుంది. తర్వాత మళ్లీ మొదలు. రెండోసారి బెల్టు, పుల్లీలు చూసి స్ప్రే కొట్టి పంపాడు. మళ్లీ రెండు రోజులే. మూడోసారి, "డైనమో పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. అంటే ఆల్టర్నేటరు. ఆ నెల కంతు మొత్తం దానికే పోతుంది. నాయన ఇంటికొచ్చి అన్నం సగంలో లేచాడు.

ఆదివారం పొద్దున నన్ను పిలిచాడు. "రామ్మా, కొంచెం నిలబడు. క్లీనర్ రాలేదు." నాకు ఆశ్చర్యం. లారీ దగ్గరికి ఆడపిల్లలు రావడం ఆయనకు నచ్చదు. దుపట్టా తీసి లోపల పెట్టి, జడ ముడి వేసుకుని రమ్మన్నాడు. తిరిగే ఫ్యానుకు, బెల్టుకు బట్టా వెంట్రుకా తేడా తెలియదంట.

క్యాబిను ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. బెల్టు ఒకటే, కానీ అది తిప్పేవి చాలా ఉన్నాయి: ఆల్టర్నేటరు, వాటర్ పంపు, ఫ్యాను. బెల్టు బిగువుగా ఉండటానికి ఒక టెన్షనరు, దాని దారి మళ్లించడానికి నడుమ ఒక ఉత్త పుల్లీ. వీటిలో ఏది అరుస్తోందో కనుక్కోవాలి.

మొదట నీళ్ల సీసా ఇచ్చాడు. తిరుగుతున్న బెల్టు మీద దూరం నుంచి కాస్త చిలకరించమన్నాడు. కీచు ఇంకా పెరిగితే బెల్టు వదులై జారుతున్నట్టు. ఆగిపోయి కాసేపటికి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేనట్టు. ఏ మార్పూ లేకపోతే బెల్టును వదిలి బేరింగుల వైపు చూడాలి.

నేను చిలకరించాను. "ఏమయింది?" అన్నాడు.

"అట్లే ఉంది నాయనా."

"పెరగలేదా? సరిగా విను."

అప్పుడు గమనించాను. నాయన బెల్టు వైపు చూడటం లేదు. నా ముఖం చూస్తున్నాడు. అంత పెద్ద కీచు మా ఇద్దరి మధ్యనే వస్తుంటే, వచ్చిందా లేదా అని నా ముఖంలో వెతుక్కుంటున్నాడు.

"నీకు వినపడ్తాలేదా?" అన్నాను. ఆయన ఇంజిన్ ఆపాడు. గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. "ఇంజిన్ మోత వినపడ్తాది. హారన్లు వినపడ్తాయి. ఈ సన్నది మాత్రం రెండేండ్ల నుంచి లేదు. మీ అమ్మకు చెప్పొద్దు" అన్నాడు.

ఒకప్పుడు టైరు పక్కన కూర్చుని వాల్వులోంచి గాలి పోతోందని చెవితోనే చెప్పిన మనిషి. టీవీ సౌండు ఎక్కువ పెడుతున్నాడని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో ఆ నిమిషంలో లెక్కకొచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, "తర్వాత ఏం చేయాల్నో చెప్పు" అన్నాను.

ఆ తర్వాత చెప్పేది ఆయన, వినేది నేను. పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని చెవి పక్క ఎముకకు ఆనించుకుని, మొనను ఒక్కోదాని మీద పెట్టాలి. తిరిగే దాని మీద కాదు, కదలకుండా ఉన్న భాగం మీద. ఆల్టర్నేటరు ఒంటి మీద పెడితే గుయ్యిమని ఒకే తీరు. వాటర్ పంపు మీదా అంతే. ఉత్త పుల్లీ నడుమ బోల్టు మీద పెట్టగానే కీచు నేరుగా తలలోకి దిగింది. వెనక్కి గెంతాను. "అదేనా?" అన్నాడు. ఈసారి నా ముఖం ఆయనకు బాగానే అర్థమయింది.

అయినా తొందరపడలేదు. ఇంజిన్ ఆపి బెల్టు తీశాడు. ఒట్టిదాన్ని స్టార్ట్ చేస్తే కీచు లేదు. అంటే తప్పు ఇంజిన్ లోపల కాదు. బెల్టు లేకపోతే వాటర్ పంపు తిరగదు కాబట్టి అర నిమిషంలోనే ఆపేశాడు. తర్వాత ఒక్కో పుల్లీని చేత్తో తిప్పాం. ఆల్టర్నేటరు నున్నగా తిరిగింది. వాటర్ పంపు ఊగడం లేదు, నీళ్లు కారిన గుర్తు లేదు. ఉత్త పుల్లీ మాత్రం ఇసుక నమిలినట్టు గరగరమంది, పట్టుకుని ఊపితే ఊగింది. లోపల గ్రీజు ఎండిపోయి సండూరు ఎర్రదుమ్ము చేరింది. స్ప్రే కొట్టినప్పుడల్లా రెండు రోజులు ఊరుకున్నది ఇదే. అది దారిలో పట్టేసుంటే బెల్టు తెగేది, పంపు ఆగేది, లోడుతో ఉన్న ఇంజిన్ వేడెక్కి పాడయ్యేది.

కొత్త పుల్లీకి ఆల్టర్నేటరు ధరలో పదో వంతు కూడా కాలేదు. సోమవారం నాలుగు గంటలకు బండి కదిలింది. పక్కింటి పసిబిడ్డ లేవలేదు.

నాయన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి మాత్రం నెల పట్టింది. అమ్మకు నేనే చెప్పాను, మాట తప్పాను. డాక్టరు ఒక గ్రాఫు చూపించాడు. గీత మొదట బాగానే నడిచి, నాలుగువేల దగ్గర గుంతలో పడినట్టు దిగిపోయింది. ఏండ్ల తరబడి పెద్ద మోతలో ఉన్నవాళ్లకు మొదట పోయేది ఆ సన్నని శబ్దాలేనట. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవట. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. "మాటల్లో కూడా స, శ లాంటివి సరిగా అందవు" అన్నాడు. నాకు మన వ్యాకరణం క్లాసు గుర్తొచ్చింది. శ, ష, స, హ ఊష్మాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అవి మా నాయన చెవిలోంచి ఒక్కొక్కటే జారిపోతున్నాయని ఇంట్లో ఉండి కనుక్కోలేకపోయాను.

ఇది గోడ మీద పెడతామంటే ఏమంటాడోనని భయపడుతూ అడిగాను. కాసేపు ఆలోచించి, "చెవుల సంగతి రాసుకో. కానీ స్క్రూడ్రైవరు తిరిగే పుల్లీ మీద పెట్టినట్టు రాయొద్దు, చదివి ఎవరైనా చెయ్యి పోగొట్టుకుంటారు" అన్నాడు. అందుకే అది అంత వివరంగా రాశాను.

ఇప్పుడు నాయన జేబులో చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలుంటాయి, పెట్టుకునేది సగం రోజులే. ఆదివారం పొద్దున బండి వినే పని నాది. నాకు పరీక్షలున్న వారం అమ్మ కొంగు బిగించి, స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని నిలబడింది. నాయన ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు విని, "సరి ఐతె" అంది.