పరాయి పద్యంలో ఒక పాదం

ఒకరి రచనలో మరొకరు అడుగుపెట్టడం, తమ వంతు వచ్చినప్పుడు వారికీ తమ రచనలో చోటివ్వడం అనే ఇచ్చిపుచ్చుకోవడానికి తెలుగు సాహిత్యంలో కనిపించే రూపాల్లో అన్నిటికన్నా సందడైనది అవధానం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్న వేసేవారు, సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి, అప్రస్తుత ప్రసంగం వంటి అంశాలతో ఒకే అవధానిని చుట్టుముడతారు. ఆయన ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తిచేసి, చివర ధారణలో వాటన్నిటినీ తిరిగి ఒప్పజెబుతాడు. చప్పట్లు అవధానికే దక్కుతాయి, దక్కవలసిందే. అయితే ఆ పద్యాల మంచిచెడ్డల్లో ఎదురుగా కూర్చున్నవారికీ పాలుంటుందన్న సంగతి అవధాన ప్రియులకు కూడా అంతగా పట్టదు.

సమస్య అంటే పృచ్ఛకుడు ఇచ్చే పద్యపాదం, సాధారణంగా నాలుగోది. వినగానే అసంబద్ధంగానో అసభ్యంగానో తోచే ఆ పాదానికి పై మూడు పాదాలూ అల్లి అర్థం కుదర్చడం అవధాని పని. చివరిది ముందే వచ్చి కూర్చోవడం వల్ల ఛందస్సు అక్కడే ఖాయమైపోతుంది. వృత్తంలోనూ కందంలోనూ ప్రాస నియమం, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలన్న కట్టుబాటు, తప్పదు గనుక, అతిథి తెచ్చిన రెండో అక్షరం తక్కిన మూడు పాదాల మీదా పెత్తనం చేస్తుంది. అక్కడ అరుదైన సంయుక్తాక్షరాన్ని పెట్టిన పృచ్ఛకుడు అవధాని వాడుకోగల మాటలను వేళ్లమీద లెక్కపెట్టేటన్నిటికి కుదించేస్తాడు. అది చేతనైనవాడు చేసే పనే గాని, ఇరుకున పెట్టడం ఒక్కటే ధ్యేయమైన సమస్య నుంచి మంచి పద్యం పుట్టడం అరుదు. పాదాన్ని మరోచోట విరిస్తేనో, పై పాదం చివర ఒక అక్షరాన్ని దానికి కలిపితేనో వేరే అర్థం వెలువడే సందు అందులో ఉండాలి. ఆ సందు ఎక్కడుందో ఇచ్చినవాడికి ముందుగా తెలిసి ఉండాలి. తాను పూరించలేని సమస్యను సభలో పెట్టడం మర్యాద కాదు.

తెనాలి రామకృష్ణుని చాటుకథ ఒకటి, చరిత్రగా నిలబడకపోయినా, ఈ మర్యాద గుట్టును బాగా పట్టుకొంది. చాటువు అంటే సందర్భాన్ని బట్టి చెప్పగా నోటినోట నిలిచిన పద్యం. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న అర్థం వచ్చే సమస్యను, కవి అంటే గిట్టనివారు ఉసిగొల్పగా ఒక ద్వారపాలకుడు ఇచ్చాడట. గంజాయి తాగి వాగుతున్నావా అన్న ధోరణిలో తిట్లతోనే పూరణ వచ్చింది. అదే పాదాన్ని రాయలు సభలో ఇచ్చేసరికి, జూదంలో సర్వమూ పోగొట్టుకొని విరటుని కొలువులో ఊడిగానికి చేరిన పాండవులు ఆ ఏనుగులయ్యారు. పాదంలో ఒక్క అక్షరం మారలేదు. తెచ్చినవాడి ఉద్దేశం మారేసరికి దానికి దొరికిన ఇల్లు మారిపోయింది.

నిషిద్ధాక్షరిలో ఈ పొత్తు మరింత దగ్గరది. సరస్వతీ స్తుతి అడిగారనుకొందాం. అవధాని ‘వా’ అనగానే, ‘వాణి’ రాబోతున్నదని పసిగట్టిన పృచ్ఛకుడు ‘ణ’ కారాన్ని నిషేధిస్తాడు. అవధాని తడుముకోకుండా ‘గ్దే’ అని ‘వాగ్దేవి’ వైపు మళ్లుతాడు. ఇలా అక్షరం వెంట అక్షరం అడ్డగించాలంటే, ఎదుటివాడి నాలుక మీదికి రాబోయే మాట తన మనసులో ముందే మెదిలేటంత పదసంపద అడ్డగించేవాడికీ ఉండాలి. అందువల్లనే ఈ పీటల మీద తరచుగా అవధానులే కనిపిస్తారు: ఒక ఊళ్లో అవధానం చేసినవాడు మరో ఊళ్లో మిత్రుని సభలో పృచ్ఛకుడై కూర్చుంటాడు, ఆ మిత్రుడు తరువాత ఇతని సభకు వస్తాడు. ఈ రాకపోకలు పరస్పర స్తోత్రంగా దిగజారే ప్రమాదం లేకపోలేదు. ముందుగా అనుకొని ఇచ్చిన సమస్యకు వచ్చిన పూరణ ఎంత ధారాళంగా సాగినా, రసజ్ఞుడైన శ్రోత దాన్ని ఇట్టే పసిగడతాడు.

ఇచ్చిపుచ్చుకోవడం ముదిరి లెక్కలే చెరిగిపోయిన సందర్భం జంటగా రచన చేసిన తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో కన్నుమూసినా, 1950 వరకు జీవించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలకు జంట పేరునే కొనసాగించాడు. ఎవరి పద్యమేదని వెదకబోయిన విమర్శకులకు ఆ పేరు పెద్దగా సాయపడదు.

ఇచ్చినది తిరిగి పుచ్చుకొనే వీలే లేని ఆతిథ్యం ఎఱ్ఱనది. పదకొండో శతాబ్దంలో నన్నయ మహాభారతాంధ్రీకరణను అరణ్యపర్వం మధ్యలో వదిలిపెట్టగా, పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. పద్నాలుగో శతాబ్దంలో ఆ ఖాళీని పూరించడానికి వచ్చిన ఎఱ్ఱనకు రెండు పక్కలా ఇద్దరు మహాకవులు గోడల్లా నిలబడి ఉన్నారు. నన్నయ శైలిలో ఎత్తుకొని, క్రమంగా తిక్కన ధోరణిలోకి జారుకొన్నాడని విమర్శకులు మెచ్చుకొనే నేర్పు గొప్పదే గాని, అంతకన్నా అరుదైనది ఆయన పాటించిన సంయమనం. అద్దంకి ప్రభువు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉండి కూడా, ఈ భాగాన్ని తన ప్రభువుకు ఇవ్వక, ఎన్నడో గతించిన నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుణ్ణే సంబోధిస్తూ, నన్నయ ఇల్లు నన్నయదిగానే ఉంచి నడిపించాడు. తన పేరు చెప్పుకోవడానికి చివర ఒక్క పద్యం సరిపోయింది. వేమారెడ్డికి అంకితమివ్వడానికి వేరే హరివంశం రాశాడు.