కొండెక్కినాదేట్రా?

మా అమ్మ నా బండి గురించి ఇంతవరకూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "కొండెక్కినాదేట్రా?"

కొండంటే మహేంద్రగిరి కాదులెండి. మా పెరట్లో నుయ్యి పక్కనున్న గ్రానైటు రాళ్ల గుట్ట. టెక్కలి వైపు క్వారీ లారీ నడిపే మావయ్య, "ఎప్పుడో ఇల్లు కట్టుకుందువుగానిలే అక్కా" అంటూ ఓ ట్రాక్టరు ముక్కరాళ్లు తెచ్చి పోశాడు. ఇల్లు లేవలేదు, రాళ్లు మిగిలాయి. గుట్ట నా నడుమెత్తు ఉంటుంది. బండేమో జానెడు పొడవు. దాని లెక్కకి అది కొండే.

బండి పేరు ఎస్‌సీఎక్స్24. యాక్సియల్ కంపెనీది. అసలు జీపుని 24వ వంతుకి కుదిస్తే ఎంతుంటుందో అంత. దుబాయ్‌లో వెల్డింగ్ పని చేసే బావ, రూమ్మేటు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. సెలవుకి వచ్చినప్పుడు "రిపేర్లోడివి కదరా, నీకే ఇది" అని నా చేతిలో పెట్టాడు. నేను కాశీబుగ్గలో సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని చేస్తాను.

రిమోట్ కారంటే రయ్యిమని దూసుకుపోవాలని అందరూ అనుకుంటారు. రాక్ క్రాలర్ దానికి పూర్తిగా రివర్సు. నత్తలా కదులుతుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి, ఇరుసులు రాయికి తగ్గట్టు అటూ ఇటూ ఒరుగుతాయి. పల్టీ కొట్టకుండా రాయి దాటించడమే ఆట. మొదటి వారం చిన్న రాళ్లన్నీ దాటింది. రెండో వారం నేను పెద్ద రాయి వైపు చూశాను. రోగం అక్కడ మొదలైంది.

ఆ రోగం పేరు అప్‌గ్రేడ్. ఫోన్లో ఒక్క వీడియో చూస్తే చాలు, ఇంక వరసపెట్టి అవే వస్తాయి. అల్యూమినియం ఛాసిస్, ఆయిల్ షాకులు, ఇత్తడి బరువులు, బ్రష్‌లెస్ మోటారు. పెద్ద రాయి దగ్గర నా బండి ఆగిపోతోంది కాబట్టి దానికి బలం చాలట్లేదని తేల్చేశాను. బలమంటే మోటారే కదా!

ఇక్కడ నాలాంటి వాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ బండిలో మోటారుకి కరెంటు పంచే ఈఎస్‌సీ, రిమోట్ మాట వినే రిసీవర్ రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఆ బోర్డు బ్రష్ మోటారుని మాత్రమే నడుపుతుంది. బ్రష్‌లెస్ పెట్టాలంటే ఈఎస్‌సీ మార్చాలి. ఈఎస్‌సీ మారిస్తే రిసీవర్ వేరేది కావాలి. ఆ రిసీవర్‌కి పాత రిమోట్ కలవకపోతే రిమోట్ కూడా కొత్తదే. మోటారు ధర చూసి మొదలుపెట్టిన నేను, అన్నీ కలిపి రూ. 9,400 దగ్గర తేలాను. నా దగ్గరున్నది 6,400. మిగతా మూడు వేలు అమ్మనడిగాను.

అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చేదాకా మాకు కొబ్బరి తోట ఉండేది, నడుమ నడుమ జీడిమామిడి చెట్లు. తెల్లారేసరికి తోట నేలమీద పడుకునుంది. ఉద్దానంలో చాలా ఇళ్ల కథే ఇది, కొత్తగా చెప్పేదేం లేదు. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు గడవడానికి అమ్మ ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీసే పనిలో చేరింది. కేజీకింత అని లెక్క.

"మూడు వేలా? దేనికిరా?" అంది. చెప్పాను. బీరువాలో చీర మడతలోంచి తీసి ఇచ్చింది. "వచ్చే నెల ఇచ్చేస్తానమ్మా" అన్నాను. ఆ డబ్బులు దేనికి దాచిందో ఆవిడ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కొత్త మోటారు బిగించాను. ఒక్క శబ్దం లేదు, వెన్నలా తిరుగుతోంది. పెద్ద రాయి దగ్గరికి తీసుకెళ్లి ట్రిగ్గర్ నొక్కాను. ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి వెనక్కి పల్టీ కొట్టింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పల్టీ. పాత మోటారుతో మెల్లగా పడేది, ఇప్పుడు వేగంగా పడుతోంది. అంతే తేడా!

ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగింది. "కొండెక్కినాదేట్రా?"

"ఎక్కుతాదమ్మా" అన్నాను.

తర్వాత వారం అమ్మ అన్నం క్యారేజీ మర్చిపోతే ఇవ్వడానికి ఫ్యాక్టరీకి వెళ్లాను. వరసగా కూర్చున్నారు ఆడవాళ్లు. అందరి పళ్లాలూ ముందుకి పోతున్నాయి, అమ్మ పళ్లెం మాత్రం వెనక్కి వచ్చింది. గింజల మీద పొట్టు మిగిలిపోతోందట. అమ్మ ఒక్కో గింజనీ చెయ్యి బారజాపి, దూరంగా పట్టుకుని చూస్తోంది. చత్వారం. పక్కనున్న పిన్ని నాతో నెమ్మదిగా అంది: "కళ్లజోడికి డబ్బులు దాసినానని సెప్పింది బాబూ. ఇంకా కొనలేదేటి మీ యమ్మ?"

బైకు మీద షాపుకెలా తిరిగొచ్చానో గుర్తు లేదు. అదే రోజు మోటారు, ఈఎస్‌సీ, రిసీవర్, రిమోట్ మొత్తం విశాఖలో ఒకబ్బాయికి రూ. 5,500కి ఇచ్చేశాను. మూడు వేలు పెట్టి అమ్మకి కళ్లజోడు. మిగిలింది 2,500. ఈ బండి మీద ఇంక ఇంతకి మించి రూపాయి పెట్టనని అప్పుడే అనుకున్నాను. పాత బోర్డు, పాత మోటారు మళ్లీ బిగించాను.

డబ్బులు తక్కువైతే బుర్ర పని చేస్తుంది. షాపులో మా ఓనరు నేర్పిన మొదటి పాఠం, ఒకేసారి రెండు పార్టులు మార్చొద్దని. ఫోను బాగయినా ఏది పాడయిందో తెలీదు. అదే పద్ధతి బండికి పెట్టాను. నునుపు చెయ్యని గ్రానైటు పలక ఒకటి ఇటుకల మీద ఏటవాలుగా ఆనించాను. ఎంత వాలుందో ఫోన్లో లెవెల్ యాప్ డిగ్రీల్లో చెప్పేస్తుంది. ప్రతి వాలు మీదా పదిసార్లు ఎక్కించాలి, ఎలా ఓడిపోతోందో చూడాలి. జారుతోందా, పల్టీ కొడుతోందా, తిరగాల్సిన వైపు తిరగట్లేదా? మూడూ వేరువేరు జబ్బులు. మందులూ వేరే.

ముప్పై డిగ్రీలు దాటేసరికి జారడం మొదలైంది. చక్రం తిరుగుతూనే ఉంది, అంటే మోటారుకి బలం ఉంది, పట్టు లేదు. మెత్తటి రబ్బరు టైర్లు నాలుగు, రూ. 1,100. గోరుతో నొక్కితే లోపలికి పోవాలి, రాయి గరుకులోకి దిగి పట్టుకునేది ఆ మెత్తదనమే. లోపలి స్పాంజి కూడా మరీ గట్టిదైతే దండగ. నలభై డిగ్రీల దాకా ఎక్కింది. ఈ బండి మీద నేను పెట్టిన డబ్బులన్నిట్లో సిసలైన ఖర్చు ఇదే. ఎవరైనా ఒక్కటే కొనగలిగితే టైర్లే కొనండి.

ఇప్పుడు జారట్లేదు, పల్టీ కొడుతోంది. హైస్కూల్లో చదివిన గరిమనాభి ఇక్కడ పనికొచ్చింది. బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు, వెనక చక్రం నేలని తాకే చోటు దాటి వెనక్కి పోతే బండి తిరగబడుతుంది. కాబట్టి బరువు కిందికి రావాలి, ముందుకి రావాలి. కిందికి తేవడంలో సగం పని ఉచితం. పైనున్న లగేజీ క్యారియరు పీకేశాను. అల్యూమినియం ఛాసిస్ మోజు కూడా అప్పుడే పోయింది. అల్యూమినియం ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు, ఇత్తడి దాదాపు 8.5. కింద బరువు కావాల్సిన చోట అల్యూమినియం పెట్టి లాభం లేదు. వీడియోలో మెరుస్తుంది, అంతే.

ఎంత బరువు పెట్టాలో కొనకముందే తెలుసుకోవాలనుకున్నాను. మా వీధి చివర వలలు బాగుచేసే తాత దగ్గర సీసం గుళ్లు అడిగి తెచ్చాను. టేపుతో ముందు ఇరుసుకి కట్టి, తగ్గిస్తూ పెంచుతూ చూశాను. (సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.) మరీ ఎక్కువైతే దిగేటప్పుడు ముక్కు నేలకి కొట్టుకుంటోంది, మోటారు వేడెక్కుతోంది. చక్రానికి 12 గ్రాముల దగ్గర కుదిరింది. అమ్మకి గ్రాముల్లో చెప్తే తలకెక్కదు. డబ్ల్యూ-320 గ్రేడు జీడిపప్పు పౌనుకి 300 నుంచి 320 గింజలు తూగుతుంది. ఆ లెక్కన చక్రానికి ఎనిమిది గుండ్లు. "అంతేనా!" అంది.

ఇత్తడి రింగులు ఆన్‌లైన్లో ఉన్నాయి గానీ నా బడ్జెట్లో లేవు. ఇత్తడి అనగానే బుడితి గుర్తుకు రాకపోతే శ్రీకాకుళం జిల్లాలో పుట్టినట్టే కాదు. సారవకోట మండలం. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆదివారం టెక్కలి మీదుగా బైకు మీద వెళ్లాను. ఓ పెద్దాయన నా చక్రం వేళ్ల మధ్య తిప్పి చూసి అడిగాడు.

"ఏటి బాబూ ఇది, సిన్నపిల్ల గాజా?"

"చక్రం తాతా. దీని లోపల ఇత్తడి రింగు కూర్చోవాలి. ఒక్కోటీ 12 గ్రాములు."

బిందెలు, దీపాలు చేసే చేతికి ఇదో ముచ్చటైపోయింది. పాత గొట్టం ముక్క వెతికి, రంపంతో రెండు రింగులు కోసి, ఆకురాయితో అరగదీసి, చిన్న కాటాలో తూచి ఇచ్చాడు. రూ. 200. ఇంటికొచ్చి బిగిస్తే ఒకటి లోపల రాసుకుంటోంది. దాన్ని మళ్లీ అరగదీసుకోవడానికి నాకో సాయంత్రం పట్టింది. ఆ రింగు ఇప్పుడు 11 గ్రాములే. బండేమీ పట్టించుకోలేదు.

బరువు పెరిగేసరికి మూడో జబ్బు బయటపడింది. రాళ్ల సందులో చక్రం ఇరుక్కుంటే స్టీరింగు తిప్పే సర్వో కుయ్యికుయ్యిమంటుంది గానీ తిప్పలేదు. ఇంజినీరింగు కాలేజీ పిల్లలు రోబో ప్రాజెక్టులకి వాడే ఎంజీ90ఎస్ అనే చిన్న సర్వో ఉంది, పళ్లు లోహపువి. రూ. 220. చెవులు కాస్త అరగదీస్తే కూర్చుంది. రెండు సెల్లుల లైపో బ్యాటరీ ఇంకొకటి రూ. 650. ఒకటి చార్జింగులో ఉంటే ఇంకోటి ఆటలో ఉంటుంది. ఫోన్ బ్యాటరీ ఉబ్బడం రోజూ చూసేవాణ్ని కాబట్టి చెప్తున్నా, ఫుల్ చార్జ్ చేసి వారాల తరబడి మూలన పడేయకండి.

మొత్తం 2,170.

పైసా ఖర్చులేని అప్‌గ్రేడ్ ఇంకోటుంది, అక్కుపల్లి బీచ్ నేర్పింది. ఫ్రెండ్సుకి చూపిద్దామని శివసాగర్ తీసుకెళ్లాను. మన తీరం ఇసుకలో నల్లటి ఖనిజపు రేణువులు ఉంటాయి, కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. మోటారు లోపల ఉన్నది అయస్కాంతమే! పది నిమిషాల్లో గరగరమంది. ఉప్పుగాలి సంగతి సరేసరి. విప్పి, పాత టూత్‌బ్రష్‌తో దులిపి, బతికించాను. అప్పట్నుంచి బీచ్‌కి వెళ్తే బండి బ్యాగులోనే ఉంటుంది.

గత నెల ఒక సాయంత్రం పెద్ద రాయి ఎక్కింది. వీడియోల్లోలా కాదు. ముందు చక్రం అంచు పట్టుకుంది, జారింది, మళ్లీ పట్టుకుంది, వెనక చక్రం కాసేపు గాల్లో ఊగింది. నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. పైకెక్కి నిలబడ్డాక చుట్టూ చూస్తే ఎవరూ లేరు. అమ్మ ఫ్యాక్టరీ నుంచి ఆటో దిగేసరికి చీకటి పడిపోయింది.

"ఎక్కిందమ్మా!"

"నిజంగానా? ఏదీ?" కళ్లజోడు సర్దుకుని రాళ్ల వైపు చూసింది. చీకట్లో ఏముంటుంది? "నానొచ్చేసరికి రోజూ ఇలగే సీకటి. దానికో లైటెట్టరాదేట్రా?"

లైట్లు! నా లెక్క ప్రకారం పరమ దండగ. పట్టు పెంచవు, బరువు కిందికి తేవు, పైగా బ్యాటరీ తింటాయి. మర్నాడు షాపులో పాత టార్చీల్లోంచి రెండు ఎల్ఈడీలు పీకి, రెసిస్టర్లు కలిపి, బంపరుకి అతికించాను.

రాత్రి భోజనాలయ్యాక అమ్మ నూతి గట్టు మీద కూర్చుంది. వెనక చక్రం జారకుండా నేను ట్రిగ్గర్ మీద వేలు ఆనీ ఆనకుండా పట్టుకున్నాను. రెండు చిన్న దీపాలు రాళ్ల మీద పాకుతూ, ఆగుతూ, పెద్ద రాయి అంచు దాకా పోయి, పైకి లేచి, ఒక్క క్షణం ఆకాశం వైపు చూసి, సమంగా నిలబడ్డాయి. అమ్మ చప్పట్లు కొట్టింది. ఇంకోసారి అంది. ఇంకోసారి. నాలుగోసారికి బ్యాటరీ అయిపోయి, గుట్ట మధ్యలో లైట్లు ఆరిపోయాయి.

"దీపం కొండెక్కిపోయినాదిరా" అంటూ లేచింది. "ఇంకో బ్యాటరీ ఉందన్నావు కదా, బేగి తే."